సడలింపూ ఆరాధనే

మా మదరసాలో ప్రతి ఏటా శుద్ధి ప్రకరణం చెప్పే రోజుల్లో ఒక హదీసు వస్తుంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా ఇమామ్ అబూదావూద్ తమ గ్రంథంలో నమోదు చేసినది. ఒక ప్రయాణంలో ఒకాయన తలకు రాయి తగిలి గాయమయింది. ఆ తర్వాత ఆయనకు స్నానం విధి అయ్యే పరిస్థితి ఏర్పడింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చునా అని తోటి ప్రయాణికులను అడిగారు. నీళ్లు అందుబాటులో ఉండగా ఆ సడలింపు నీకు లేదని వాళ్లు జవాబు చెప్పారు. ఆయన స్నానం చేశారు, ఆ కారణంగా మరణించారు. సంగతి తెలిసిన దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. ఆ జవాబు చెప్పినవారే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసిందని, తెలియనితనానికి అడగడమే మందని బోధించారు.

ఈ హదీసును మేము పాతికేళ్లుగా పిల్లలకు చెబుతున్నాము. దాని ఉల్లేఖకుల పరంపర మీద, అందులోంచి తీసిన ధర్మసూత్రాల మీద గంటలకొద్దీ మాట్లాడగలము. అయినా 2023 రమజాన్‌లో, ఆ తప్పు జవాబు చెప్పినవారి వరుసలోనే మేమూ వెళ్లి నిలబడ్డాము. అడిగినవాడు మా సొంత తమ్ముడు. ఈ నాలుగు మాటలూ రాయమని కోరింది కూడా వాడే. తన పేరు వద్దన్నాడు, తన జబ్బు పేరు మాత్రం తప్పక రాయమన్నాడు. ఆ పేరు మన ఇళ్లలో వినబడక ఎందరు ఇబ్బంది పడుతున్నారో అని వాడి బాధ.

మాది జగిత్యాల. అమ్మీ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. బాబా మా చిన్నతనంలోనే క్షయతో పోయారు. మేము చదువు ముగించుకొని కోరుట్లలో మదరసా ఉపాధ్యాయునిగా కుదిరాము. తమ్ముడు పెళ్లయ్యాక సిరిసిల్ల వెళ్లి మరమగ్గాల మీద పనికి చేరాడు. ఆ ఊళ్లో వాటిని సాంచాలంటారు. పన్నెండు గంటలు నిలబడి, ఒక సాంచా నుంచి మరో సాంచాకు తిరుగుతూ తెగిన పోగులు ముడివేయాలి. ఆ చప్పుడులో పక్క మనిషి మాట వినబడదు. వాడు ఆ పని ఇరవై ఏళ్లు చేశాడు.

2022 ఆగస్టులో ఒకనాడు ఫోనులో విచిత్రమైన మాట చెప్పాడు. "నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలియడం లేదు భాయిజాన్. వెనక్కి తిరిగి చూసుకుంటే అది నాలుగడుగుల అవతల పడి ఉంటోంది" అన్నాడు. కొన్నాళ్లకు ఛాతీ కింద చుట్టూ తాడు బిగించి కట్టినట్టు ఉందన్నాడు. నిలబడి చేసే పని కాబట్టి నడుం పట్టేసిందని అందరమూ అనుకున్నాము. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన నొప్పి సూదులు వేసి, ఎముకల బలానికని కాల్షియం, డి విటమిన్ మాత్రలు ఇచ్చాడు. రెండు నెలల్లో తమ్ముడు గోడ పట్టుకోకుండా నడవలేని స్థితికి వచ్చాడు. మూత్రం ఒక్కోసారి రాదు, ఒక్కోసారి ఆగదు. ఈ రెండో సంగతి వాడు సిగ్గుపడి భార్యకు కూడా చెప్పలేదు.

కరీంనగర్‌లో ఎం.ఆర్.ఐ. తీశారు. వెన్నెముక లోపల, వెన్నుపాములో, ఛాతీ ఎత్తున వాపు కనిపించింది. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మొదళ్ల దగ్గర రెండు వైపులా గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. బాబా క్షయతో పోయారని మేమే చెప్పాము. వైద్యులు క్షయ మందులు మొదలుపెట్టారు. అందులో వాళ్ల తప్పు వెతకడం న్యాయం కాదు. మన దేశంలో ఇలాంటి వాపు కనబడితే ఏ వైద్యునికైనా ముందుగా తోచేది క్షయే. క్షయ మన దగ్గర అంత ఎక్కువ. మూడు నెలలు మందులు మింగినా కాళ్లు ఇంకా బరువెక్కాయి. అప్పుడు ఆ వైద్యులే, ఇది మరొకటి కావచ్చు, హైదరాబాదు తీసుకువెళ్లండి అన్నారు.

2023 జనవరిలో హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రిలో పది రోజులున్నాము. నోటి ద్వారా సన్నని గొట్టం పంపి ఛాతీలోని గ్రంథి నుంచి చిన్న ముక్క తీశారు. వెన్నుపామునుంచి ముక్క తీయడం ప్రమాదం గనుక, అదే జబ్బు సులభంగా అందే చోట ఎక్కడుందో చూసి అక్కడ నుంచి తీస్తారట. ఆ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూశారు, క్షయ క్రిములకోసం సీబీనాట్ పరీక్ష చేశారు, క్రిములు పెరుగుతాయేమోనని కల్చరుకు పెట్టారు. క్షయ జాడ లేదు. జబ్బు పేరు సార్కాయిడోసిస్ అని చెప్పారు.

ఆ మాట మేము అంతకుముందు ఎన్నడూ వినలేదు. నరాల వైద్యుడు ఓపికగా కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. అల్లాహ్ మన శరీరంలో రోగాలతో పోరాడే రక్షక కణాలను ఉంచాడు. క్రిమి ప్రవేశించినప్పుడు ఆ కణాలు దాని చుట్టూ గుమిగూడి చిన్న ముద్దలా కట్టేస్తాయి. ఆ ముద్దను గ్రాన్యులోమా అంటారు. క్షయలో ఆ ముద్ద నడిబొడ్డు కుళ్లి జున్నులా మారుతుంది. సార్కాయిడోసిస్‌లో అలా కుళ్లదు, లోపల క్రిమి కూడా దొరకదు. శత్రువు లేకుండానే సైన్యం కోట కట్టి కూర్చున్నట్టు ఉంటుంది. ఎందుకు అలా జరుగుతుందో వైద్యశాస్త్రానికి ఇప్పటికీ పూర్తిగా అంతుబట్టలేదు. నార్వే వైద్యుడు సీజర్ బోక్ 1899లో చర్మం మీది ఇలాంటి గడ్డలను వర్ణిస్తూ పెట్టిన పేరునుంచి ఈ జబ్బు పేరు వచ్చింది. గ్రీకు భాషలో దానికి మాంసం వంటిదని అర్థం.

ఇది అంటువ్యాధి కాదు. క్యాన్సరూ కాదు. నూటికి తొంభై మందిలో ఊపిరితిత్తులకో, వాటి పక్కనున్న గ్రంథులకో వస్తుంది. చాలామందిలో మందు లేకుండానే తగ్గిపోతుంది. నూటికి ఐదు నుంచి పది మందిలో మాత్రం నరాల వ్యవస్థను పట్టుకుంటుంది. వాళ్లలో కూడా వెన్నుపాముకు వచ్చేది కొద్దిమందికే. కొందరికి వెన్నెముక ఎముకలోనూ రావచ్చు. ఊపిరితిత్తుల్లో ఉంటే వైద్యులు కొన్నాళ్లు వేచి చూస్తారు. వెన్నుపాములో, గుండెలో, కంటిలో ఉంటే వేచి చూడడానికి వీల్లేదు. వెన్నుపాము చిటికెనవేలంత సన్నని తాడు. దాని మీద వాపు ఎన్నాళ్లుంటే కాళ్లు, మూత్రాశయం అంతగా దెబ్బతింటాయి.

వైద్యం స్టెరాయిడ్లతో మొదలయింది. మొదటి ఐదు రోజులు రోజుకు ఒక గ్రాము చొప్పున మిథైల్‌ప్రెడ్నిసొలోన్ నరం ద్వారా ఎక్కించారు. ఐదో రోజున తమ్ముడు తన కాలి బొటనవేలు కదిలించి చూపించాడు. మరదలు ఆసుపత్రి వరండాలోనే షుక్రానా సజ్దా చేసింది. ఆ తర్వాత ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 60 మిల్లీగ్రాములు, ఉదయం ఏదైనా తిన్న తర్వాత వేసుకోవాలన్నారు. ఇది నెలల తరబడి, బహుశా ఏళ్ల తరబడి సాగే వైద్యమని, మోతాదును తాము చెప్పినప్పుడే కొద్దికొద్దిగా తగ్గించాలని, సొంతంగా ఒక్కరోజు కూడా ఆపకూడదని మూడుసార్లు చెప్పారు. కాల్షియం, డి విటమిన్ మాత్రల సంగతి అడిగి ఆపించారు. ఈ జబ్బులో ఆ కణాల ముద్దలే డి విటమిన్‌ను శక్తివంతమైన రూపంలోకి మార్చేస్తాయట. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు పాడవుతాయట. ఎముకల బలానికని మనం మంచినే తలచి వేసుకునే మాత్ర ఈ రోగికి, పరీక్ష చేయకుండా వేసుకుంటే, కీడు చేయవచ్చునన్నమాట.

రెండు నెలల్లో తమ్ముడు చేతికర్రతో సందు చివరి మస్జిదుదాకా నడిచి వచ్చాడు. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది. షుగరు పెరిగింది. రాత్రుళ్లు నిద్ర లేదు. ఎంత తిన్నా ఆకలి తీరదు, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. చూసినవాళ్లు "జబ్బు మనిషిలా లేవే, బాగా ఒళ్లు చేశావు" అనేవారు. ఆ మాట వాడిని లోలోపల ఎంతగా పిండిందో మాకు తర్వాతగానీ తెలియలేదు. అప్పటికి మోతాదు 40 మిల్లీగ్రాములకు తగ్గించారు. అంతలో రమజాన్ వచ్చింది.

ఆ ఏడు మార్చి 24వ తేదీ శుక్రవారంనాడు మొదటి రోజా. ముందు రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. "భాయిజాన్, నేను రోజాలు ఉండగలనా?" అని అడిగాడు.

పాఠకులు గమనించాలి. వాడు అడిగాడు. హదీసులోని గాయపడిన మనిషి అడిగినట్టే అడిగాడు. మేము చెప్పవలసిన జవాబు దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా 184, 185 ఆయతుల్లో ఉంది. రోగి మిగిలిన రోజుల్లో లెక్క పూర్తి చేసుకోవచ్చుననీ, అల్లాహ్ మనకు సౌలభ్యమే కోరుతాడుగాని కష్టం కోరడనీ ఆ ఆయతుల సారాంశం. మా నోటికి అది కంఠస్థం. కానీ తరావీహ్‌కు వేళయింది, వుజూ చేసుకొని ఉన్నాము, తొందరలో ఉన్నాము. "హిమ్మత్ ఉంటే అల్లాహ్ సులభం చేస్తాడు. గట్టిగా నియ్యత్ చేసుకో" అన్నాము. వైద్యుడు ఏమన్నాడని అడగలేదు. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని అడగలేదు.

మాత్ర వేసుకుంటే ఆకలి, దాహం తట్టుకోలేడు. మాత్ర మానేస్తే రోజా ఉండగలడు. తమ్ముడు ఈ లెక్క వేసుకొని మొదటి సహరీ నుంచే మాత్ర మానేశాడు. మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. రోజాలు ఉంటున్నానని ఫోనులో చెబితే మేము మాషా అల్లాహ్ అన్నాము. మార్చి 31 శుక్రవారం కోరుట్లలో జుమా బయాన్ మాకు అప్పగించారు. ఆరోగ్యంగా ఉండి రోజాలు వదిలేసే యువకులను మందలిస్తూ, వెన్నుజబ్బుతో కర్ర పట్టుకొని నడిచే ఒక మనిషి ఈ రమజాన్‌లో ఒక్క రోజా కూడా వదల్లేదని గర్వంగా చెప్పాము. పేరు చెప్పలేదుగాని, వినేవాళ్లలో సగం మందికి అది ఎవరో తెలుసు.

మర్నాడు తొమ్మిదో రోజా. సహరీ వేళ మరదలు ఫోను చేసింది. "భాయిజాన్, ఆయన లేవడం లేదు. రాత్రంతా వాంతులు. ఒళ్లు చల్లగా ఉంది" అంది. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికే వాడిని కరీంనగర్ తరలించారని తెలిసి అటే వెళ్లాము. రక్తపోటు బాగా పడిపోయింది. సెలైను పెట్టి హైడ్రోకార్టిసోన్ సూదులు ఇస్తున్నారు. అక్కడి వైద్యుడు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పిన మాటలు ఇవి. మన మూత్రపిండాల పైన అడ్రినల్ గ్రంథులు రెండుంటాయి. శరీరానికి నిత్యం అవసరమైన స్టెరాయిడును అవే తయారుచేస్తాయి. అది ప్రెడ్నిసొలోన్ లెక్కలో రోజుకు సుమారు 5 మిల్లీగ్రాములతో సమానం. బయటినుంచి వారాల తరబడి అంతకంటే ఎక్కువ ఇస్తూపోతే ఆ గ్రంథులు పని మాని నిద్రపోతాయి. నెమ్మదిగా తగ్గిస్తే మెల్లగా మేలుకొంటాయి. ఒక్కసారిగా ఆపితే లోపలిదీ ఉండదు, బయటిదీ ఉండదు. రక్తపోటు పడిపోతుంది, మనిషి ప్రాణమే పోవచ్చు. ఆ రోజు మరికొన్ని గంటలు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

ఆ ఆసుపత్రి వరండాలో మరదలు మా ముఖం చూడకుండా ఒక మాట అంది. "నేను వద్దన్నాను భాయిజాన్. డాక్టరు వద్దన్నాడని కూడా గుర్తుచేశాను. పెద్దాయన సరేనన్నారు, ఇక నువ్వు మాట్లాడకు అన్నాడు."

ఆమె నింద మోపలేదు, జరిగింది చెప్పింది. చదువు లేని ఆ అమ్మాయి వైద్యుడి మాటను గుర్తుంచుకుంది. చదువుకున్న మేము అసలు ఆ మాటే అడగలేదు. తలకు గాయమైనవాడి హదీసు పాఠంగా చెప్పిన ఏ రోజునా ఆ జవాబు చెప్పిన తోటివారి గురించి మేము ఆలోచించలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ధర్మం మీద ప్రేమతోనే చెప్పారు. కఠినమైన జవాబే పుణ్యానికి దగ్గరగా ఉంటుందని అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాము.

తమ్ముడు బతికాడు, అల్హమ్దులిల్లాహ్. కానీ రెండు నెలల్లో సంపాదించుకున్నది పోయింది. మళ్లీ తీసిన ఎం.ఆర్.ఐ.లో వెన్నుపాము వాపు తిరిగి కనిపించింది. మళ్లీ ఐదు రోజులు మందు ఎక్కించారు. ఈసారి కుడికాలు కోలుకున్నంతగా ఎడమకాలు కోలుకోలేదు. మూత్రం మీద పట్టు పూర్తిగా రాలేదు.

ఏప్రిల్ 7వ తేదీ జుమాకు అదే మస్జిదులో మేమే అనుమతి అడిగి నిలబడ్డాము. పోయిన శుక్రవారం మేము పొగిడిన రోజాదారు మా తమ్ముడని, వాడు మా మాట వల్ల మందు మాని మృత్యుముఖందాకా వెళ్లాడని, ఆ బయాన్‌లో మేము చెప్పింది తప్పని చెప్పాము. మస్జిదు నిశ్శబ్దంగా ఉంది. నమాజు తర్వాత ఒక వృద్ధుడు మా దగ్గరికి వచ్చి, తనకు షుగరుకు సూది వేసుకోవాలని, రోజా కోసం వారంనుంచి మానేశానని చెవిలో చెప్పాడు. ఆయన్ని ఆ సాయంత్రమే వైద్యుడి దగ్గరికి పంపించాము. మరో ఇద్దరు ఫోను చేశారు. ఒకరు మూర్ఛ మందు, ఒకరు గుండె మందు. మన వాడల్లో ఇలాంటివారు ఎందరున్నారో అప్పుడు అర్థమయింది.

ఆ తర్వాత వైద్యం మరో దారి పట్టింది. స్టెరాయిడ్ల మోతాదు తగ్గించడానికి వీలుగా మిథోట్రెక్సేట్ అనే మాత్ర చేర్చారు. ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకని మరదలు దానికి జుమా మాత్ర అని పేరు పెట్టింది. జుమా నమాజునుంచి వచ్చాక తానే చేతికి ఇస్తుంది, మిగిలిన రోజుల్లో డబ్బా తన పెట్టెలో తాళం వేసి ఉంచుతుంది. మరో రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర. వైద్యుడు చెప్పిన గడువుల్లో రక్తపరీక్ష చేయించి కాలేయం, రక్తకణాలు చూస్తారు. ఈ రెండు మందులూ ఖరీదైనవి కావు. వీటికీ లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సూదిమందు ఉందిగాని దాని ఖరీదు ఎక్కువ, పైగా ఒంట్లో దాగి ఉన్న క్షయను అది మేలుకొలపగలదు కనుక ముందుగా ఆ పరీక్షలు చేయాలి. ఇన్షా అల్లాహ్, మా తమ్ముడికి దాని అవసరం రాకూడదని దువా చేస్తున్నాము.

మందుకంటే సిగ్గును తగ్గించడం కష్టమయింది. బట్టలు ఎప్పుడు తడుస్తాయో తెలియదని తమ్ముడు మస్జిదుకు రావడం మానేశాడు. శుద్ధి లేకుండా నమాజు ఎలా అని ఇంట్లో కూడా నమాజులు వదిలేయసాగాడు. ఈసారి మేము తొందరపడలేదు. పుస్తకం తీసుకొని సిరిసిల్ల వెళ్లాము. మేము పిల్లలకు చెప్పే నూరుల్ ఈజాహ్‌లోనే రోగి నమాజు గురించీ, మాజూర్ గురించీ అధ్యాయాలున్నాయి. వాడి పక్కన కూర్చొని చదివి చెప్పాము. ఒక నమాజు వేళంతటిలో వుజూ చేసి ఫర్జ్ నమాజు ముగించుకొనేంత వ్యవధి కూడా మూత్రం ఆగకపోతే ఆ మనిషి మాజూర్. ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేదాకా కారిన మూత్రంవల్ల ఆ వుజూ భంగం కాదు. నిలబడలేనివాడు కూర్చొని, సజ్దా చేయలేనివాడు సైగతో, సజ్దా సైగకు రుకూ సైగ కంటే తలను మరికాస్త వంచి నమాజు చేయవచ్చు. కూర్చోలేనివాడికి పడుకొని చేసే అనుమతి కూడా బుఖారీలోని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) హదీసులో ఉంది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఇదంతా ముందే పుస్తకంలో రాసి ఉందా భాయిజాన్?" అని అడిగాడు. వెయ్యేళ్లకు పైగా మన ధర్మవేత్తలు వాడిలాంటి మనిషిని తలచుకొని అధ్యాయాలు రాశారని వాడికి తెలియదు. మేము చెప్పలేదు గనుక తెలియదు. ఆ రోజు అసర్ నమాజుకు కుర్చీ తీసుకొని మస్జిదుకు వెళ్లాము.

2024 మార్చిలో మళ్లీ రమజాన్ వచ్చింది. ఈసారి వైద్యుణ్ణి ముందే అడిగాము. ఇంకా మాత్రలమీదే ఉన్నాడు, రోజాలు వద్దన్నారు. కోలుకుంటాడన్న ఆశ ఉంది కనుక ఇప్పుడు ఫిద్యా కాదు, ఆరోగ్యం కుదిరాక కజా ఉండాలని ముఫ్తీ సాహెబ్ చెప్పారు. ఆ ఆశ లేని దీర్ఘరోగి మాత్రమే ప్రతి రోజాకు బదులు ఒక పేదకు అన్నం పెట్టే ఫిద్యా ఇవ్వాలి. ఆ నెలలో తమ్ముడిని జగిత్యాల తీసుకువచ్చాము. వాడు మధ్యాహ్నం వంటింట్లో తలుపు చాటున గోడవైపు తిరిగి, దొంగతనంగా తింటున్నట్టు తినేవాడు. అమ్మీ అది చూసింది. డెబ్బై దాటిన మనిషి, తాను రోజాలో ఉంది. బీడీల చాట పక్కన పెట్టి లేచి, అన్నం పళ్లెం తీసుకొచ్చి చాప మీద వాడి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. "ఉండమన్నప్పుడు ఉన్నావు. తినమన్నప్పుడు తిను. రెండూ ఆయన మాటే కదా బిడ్డా" అంది.

మేము తలుపు దగ్గరే నిలబడిపోయాము. ఇరవై అయిదేళ్ల పాఠంలో మేము చెప్పలేకపోయింది అమ్మీ ఆ ఒక్క మాటలో చెప్పింది. మనం సహనమంటే కష్టం పెంచుకోవడమనుకుంటాము. ప్రతి ఉదయం లేచి ముఖం ఉబ్బించే మాత్రను అన్నం తిని మింగడం, వారాల తరబడి ఫలితం కనబడకపోయినా ఆపకుండా ఉండడం, తోటివారంతా రోజాలో ఉండగా అల్లాహ్ ఆజ్ఞ అని అన్నం తినడం, ఇదీ సహనమే. రోగి ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం రోగంలోనూ అతని ఖాతాలో రాయబడుతూనే ఉంటుందని బుఖారీలో అబూ మూసా (రజి) హదీసు ఉంది. మరి తమ్ముడు పోగొట్టుకున్నదేమిటి? ఏమీ లేదు. పోగొట్టుకుంటున్నాడని మేము వాడిని నమ్మించాము, అంతే.

ఇప్పుడు తమ్ముడు సాంచాల మీద నిలబడలేడు. కండెలు చుట్టే యంత్రం దగ్గర కూర్చొని పనిచేస్తాడు. కూలి సగమే. ఎడమకాలు ఈడుస్తూ, కర్రతో నడుస్తాడు. జకాత్ తీసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. అవసరంలో ఉన్న సోదరుడికి సోదరుడు జకాత్ ఇవ్వవచ్చునని, తల్లిదండ్రులకు, సంతానానికైతే అది చెల్లదని వివరించాక స్కానింగుకు తీసుకుంటున్నాడు. ప్రెడ్నిసొలోన్ మోతాదు బాగా తగ్గింది. మాత్రల పేర్లు, మోతాదు, ఒక్కసారిగా ఆపకూడదన్న హెచ్చరిక రాసిన కాగితం ఎప్పుడూ జేబులో ఉంచుకుంటాడు. వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలని ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు.

ఈ అనుభవంనుంచి పాఠకులకు మనవి చేసుకోదలచినవి కొన్నే. కాళ్లలో స్పర్శ తగ్గితే, ఛాతీ చుట్టూ బిగించినట్టు ఉంటే, మూత్రం ఆగిపోతే లేదా ఆగకపోతే నడుంనొప్పి అని ఊరుకోకండి, సిగ్గుపడకండి, నరాల వైద్యుణ్ణి కలవండి. క్షయ మందులు వేస్తే చెప్పినన్నాళ్లూ తప్పక వాడండి. వాడుతున్నా జబ్బు ముదిరితే మాత్రం, ముక్క పరీక్ష చేయించాలా అని వైద్యుణ్ణి మర్యాదగా అడగండి. స్టెరాయిడ్లను చుట్టుపక్కలవాళ్ల మాట విని మొదలుపెట్టకండి, ఆపకండి. ఇక మా తోటి ఉలమాలకు, ఇమాములకు ఒక విన్నపం. రమజాన్‌కు ముందు ఒక్క జుమా బయాన్ రోగి సడలింపుల గురించి చెప్పండి. ఎవరైనా రోజా ఉండవచ్చా అని అడిగితే, డాక్టరు ఏమన్నారని ఎదురు అడగండి. తెలియనితనానికి అడగడమే మందన్న బోధ మనకూ వర్తిస్తుంది.

ఈ ఏడు శుద్ధి ప్రకరణం వచ్చినప్పుడు తమ్ముడు కోరుట్లలోనే ఉన్నాడు. వాడిని తరగతికి తీసుకువెళ్లి కుర్చీ వేసి కూర్చోబెట్టాము. తలకు గాయమైనవాడి హదీసు చదివి, ఆ తర్వాత మా కథ చెప్పాము. ఒక పిల్లవాడు లేచి, "ఉస్తాద్, అడిగినవాడు బతికి ఉంటే ఆ జవాబు చెప్పినవాళ్లను క్షమిస్తాడా?" అన్నాడు. మేము జవాబు చెప్పలేక తమ్ముడి వైపు చూశాము. వాడు నవ్వి, "ముందు నాకు నీళ్లివ్వమనండి భాయిజాన్, మాత్రవేళ అయింది" అన్నాడు. పిల్లలు నలుగురు లేచారు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వాళ్లకు సేవచేసేవాళ్లకు ఓపికను, జవాబు చెప్పే మాలాంటివారికి అడిగే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.